గీత పడని గొలుసు

తే.గీ.
తల్లి గడపకు కావలి దాల్చి నిలిచి
శిరము నొడ్డిన విఘ్నేశ! చేర రమ్ము
తాళ మెఱుగని మనసుల దైన్యమునకు
తలుపు తెఱచెడి సత్యమై తనరు మెపుడు.

ఏడవ ప్రకరణము

శుక్రవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు బెర్మెత్ ఆసనోవా ఎదుట కూర్చున్న మనిషి చేతులకు సంకెళ్ళున్నాయి. ఆమె ముందుగా అతని ముఖం చూడలేదు, చేతులు చూసింది. వేళ్ళ కొసల మీద వెల్డింగు నిప్పురవ్వలు కాల్చిన నల్లని చుక్కలు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. నలభై ఏళ్ళు ఇనుముతో సహవాసం చేసిన చేతులవి.

ఆమెకు యాభైయేడేళ్ళు. తోక్మోక్ పట్టణ పోలీసు ఠాణాలో దర్యాప్తు అధికారిగా ముప్పైయొక్క సంవత్సరాలుగా అదే కుర్చీ, అదే గోడ, కొన్నేళ్ళుగా అదే మోకాలి నొప్పి. విరమణకు నాలుగు నెలలుంది. నేరస్థులను చూసి అలసిపోవడం ఆమె ఎన్నడో మానుకుంది. నిర్దోషి కావచ్చునన్న అనుమానం కలిగిన మనిషి ఎదురైతేనే ఇప్పుడు ఒళ్ళు బరువెక్కుతుంది. అటువంటి మనిషిని వదిలి ఇంటికి పోవడం కుదరదు గనుక.

"పేరు మమసాలీ అని రాసుంది," అంది కాగితం తిప్పుతూ. "నిన్ను ఆ పేరుతో ఎవరైనా పిలుస్తారా?"

"లేదండీ. ఉస్తా, అదే మేస్త్రీ, అంటారు అందరూ. పనివాడికి పేరెందుకు, పని ఉంటే చాలు."

సంగతి ఇది. రెండు నెలల క్రితం పెద్దమ్మ అనే అర్థంలో ఊరంతా ఊల్కాన్ అపా అని పిలిచే అరవైయెనిమిదేళ్ళ వితంతువు ఇంటికి ఈ ఉస్తా ఇనుప తలుపు బిగించాడు, కిటికీలకు ఊచలు వేశాడు. మొన్న మంగళవారం ఆవిడ పది గంటలకు సంతకు వెళ్ళి, పన్నెండు నలభైకి తిరిగి వచ్చి, పెట్టె తెరిచి చూస్తే అయిదు తరాల వెండి జడగంటలు లేవు. తలుపు తాళం వేసినట్టే ఉంది. కిటికీ ఊచలు కదలలేదు. ఆ సాయంత్రమే కెప్టెన్ తిలెక్ ఉస్తాను పట్టుకొచ్చాడు. ఈ సాయంత్రం నాలుగు గంటలకు రాజధాని జైలుకు బండి బయలుదేరుతుంది. ఆ బండి ఎక్కినవాడి కాగితాలు మళ్ళీ ఈ ఊరికి రావడానికి ఏడాది పడుతుంది. ఉస్తా మాటమాటకూ దగ్గుతున్నాడు. ఆ ఊపిరితిత్తులు జైలు గదిలో ఏడాది ఆగేవి కావని బెర్మెత్‌కు వైద్యుడు చెప్పనక్కరలేదు.

"తలుపు సంగతి చెప్పు. నాకేమీ తెలియదనుకుని చెప్పు."

అంతవరకూ నేల చూస్తున్న మనిషి తల ఎత్తాడు.

"రెండు ఉక్కు రేకులండి, మధ్యలో నిలువు కమ్మీలు. చట్రాన్ని ఎనిమిది చోట్ల గోడలోకి జానెడు లోతు దింపాను. మడతబందులు బయటికే ఉన్నాయి, ఎవడైనా కోసుకోవచ్చు. కోసినా ఏం లాభం? బందుల పక్కన మూడు ఇనుప మొనలు చట్రంలోకి దిగి ఉంటాయి. తలుపు ఊడిరాదు."

"కిటికీలు?"

"ఊచలు లోపలివైపు వేశాను. బయట వేస్తే గొలుసు కట్టి లారీతో లాగేస్తారండి. తలుపుకి బయటివాళ్ళని చూసే అద్దాల కన్ను పెట్టాను. దాని కింద గొలుసు. అది తగిలించి నాలుగు వేళ్ళంత సందులోంచి మాట్లాడుకోమని ఆవిడకి రెండుసార్లు చేసి చూపించాను."

"నీ జేబులో ఆ ఇంటి తాళంచెవి దొరికింది."

"దొరుకుతుందండి." ఉస్తా దగ్గి, చొక్కా చేతికి నోరు తుడుచుకున్నాడు. "అది బిగించేవాడి చెవి. కొత్త తాళంతో మాకొకటి వస్తుంది, ఇంటివాళ్ళకి సీలు వేసిన సంచిలో అయిదు వస్తాయి. వాళ్ళ చెవి ఒక్కసారి తిరిగితే మాది చచ్చిపోయినట్టే. దూరుతుంది గానీ తిరగదు. చేసిన ప్రతి తలుపుదీ ఒకటి ఇంట్లో మేకుకి తగిలించుకుంటాను. ఇది ఇంకా తగిలించలేదు, అంతే."

"ఈ మాట కెప్టెన్‌కి చెప్పావా?"

"చెప్పానండి. నవ్వాడు."

బెర్మెత్ లేచింది. మోకాలు పట్టేసింది. బల్ల అంచు పట్టుకుని అది వదిలేదాకా నిలబడి, తాళంచెవి ఉన్న కవరు తీసుకుని బయలుదేరింది.

ఒంటిగంట ఇరవైకి ఆమె చేరేసరికి కెప్టెన్ తిలెక్ ఆ ఇంటి తలుపుకు భుజం ఆనించి సిగరెట్టు కాలుస్తున్నాడు. అతనికి ముప్పైనాలుగేళ్ళు. రాజధానిలో చదివాడు. తనకంటే పెద్దదైన ఆడమనిషిని 'ఎజే', అంటే అక్కా, అని పిలవక తప్పదు గనుక పిలిచేవాడు. ఆ పిలుపులోని గౌరవాన్ని మాత్రం దారిలోనే జారవిడిచేవాడు.

"రండి ఎజే, రండి. కింది అంతస్తే. మీ మోకాళ్ళు పుణ్యం చేసుకున్నాయి."

"నీ నోటికి నాలుగు మెట్లుంటే బావుండేది తిలెక్. మాట దిగి వచ్చేలోగా ఓసారి ఆలోచించుకునేవాడివి."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని తలుపు ముందు కూర్చుంది. తాళం రంధ్రం చుట్టూ గీతలు లేవు. చట్రం మీద గడ్డపార పెట్టిన నొక్కు లేదు. బందుల మీద రంగు కూడా పగలలేదు. కవరులోని తాళంచెవి తీసి తిలెక్ చేతికిచ్చింది.

"నీ సాక్ష్యమే కదా ఇది. నువ్వే తెరువు."

అతడు సిగరెట్టు పారేసి తాళంచెవి దూర్చాడు. అది సుఖంగా దిగింది. తిప్పాడు. తిరగలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మెడ మీద నరం ఉబ్బింది.

"విరగ్గొట్టకు. రశీదు రాసిచ్చి తెచ్చుకున్నాను."

"అయితే ఇంటివాళ్ళ చెవికి నకలు చేయించి ఉంటాడు."

"సీలు వేసిన సంచి ఎవరు చింపారు?"

"ముసలావిడే. పక్కింటివాళ్ళ ముందు."

"అయిదూ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరి దేన్ని చూసి నకలు తీశాడయ్యా, కలగన్నాడా?"

తిలెక్ తాళంచెవిని ఆమె అరచేతిలో కాస్త గట్టిగానే పెట్టాడు. "వినండి ఎజే. తాళం పగల్లేదు, కిటికీ పగల్లేదు. దెయ్యం పట్టుకుపోయిందని రాసి సంతకం పెట్టమంటారా? పై అధికారి ఇప్పటికి మూడుసార్లు ఫోను చేశాడు. ఇంకో మనిషిని చూపించండి, వీణ్ణి వదిలేస్తాను. లేదా నాలుగు గంటల దాకా ఈ తలుపు ముందే కూర్చుని దాని అందం చూసుకోండి."

ఆమె అతని దగ్గరున్న ఇంటివాళ్ళ తాళాల గుత్తి తీసుకుని తలుపు తెరిచింది. మళ్ళీ కూర్చుని లోపలివైపు గొలుసును చూస్తోంది. తలుపుకున్న గాడిలో గొలుసు తల జారుతూ పోవాలి. ఒక్కసారి తగిలించి తీసినా గాడి అంచున సన్నని గీత పడుతుంది. ఈ గాడిలో రంగు నిగనిగలాడుతోంది. రెండు నెలలైంది. ఒక్క గీతా లేదు.

అలికిడి విని ఊల్కాన్ అపా వంటింట్లోంచి వచ్చింది. పొట్టి మనిషి, తెల్లని తలగుడ్డ, నిలువెల్లా మర్యాద. తాళాల గుత్తి తిరిగి ఇద్దామని బెర్మెత్ లేచి, గడప బయటి నుంచే చెయ్యి చాచింది. అపా పాము మీద కాలు పడినట్టు వెనక్కి తగ్గింది.

"అయ్యో, గడప మీద ఇస్తావేంటమ్మా! నీకు మాత్రం తెలీదూ? లోపలికి రా. వచ్చి ఇవ్వు."

బెర్మెత్ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తెలియకపోవడమేమిటి! గడపకు అటొకరు ఇటొకరు నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోకూడదని చిన్ననాడు అమ్మమ్మ వీపు మీద చరిచి నేర్పింది. ముప్పైయొక్క ఏళ్ళ ఉద్యోగం ఆ చరుపును మరపించింది. ఆమె గడప తొక్కకుండా దాటి లోపలికి వెళ్ళి తాళాలు అందించింది. అపా రెండు చేతులతో అందుకుంది.

"అపా, ఈ గొలుసు తగిలించి ఎప్పుడైనా ఎవరితోనైనా మాట్లాడారా?"

"సందులోంచా? ఇంటికొచ్చిన మనిషితో కుక్కతో మాట్లాడినట్టు సందులోంచి మాట్లాడతానా? ఉస్తా పెట్టాడు, పాపం మంచివాడు, వద్దంటే బాధపడతాడని ఊరుకున్నా."

తిలెక్ వెనక నుంచి నవ్వాడు. "అయిపోయింది ఎజే. ఇంత ఇనుమూ దండగ."

"అపా, తలుపు ఎవరికైనా తీశారా? ఈ వారం పది రోజుల్లో కొత్తవాళ్ళెవరైనా వచ్చారా?"

"ఎవ్వరూ రాలేదు. ఈ అబ్బాయికీ అదే చెప్పా. గ్యాసు వాళ్ళు రాలేదు, కరెంటు వాళ్ళు రాలేదు, అమ్ముకునేవాళ్ళు రాలేదు. అల్లా సాక్షిగా ఎవ్వరూ రాలేదు."

ఆవిడ అబద్ధమాడడం లేదు. అబద్ధాలను ముప్పైయేళ్ళు విన్న చెవికి ఆ మాత్రం తెలుస్తుంది. బెర్మెత్ అలసటగా గది చుట్టూ చూసింది. గోడవార పెట్టె, దాని మీద మడిచి పేర్చిన నాలుగైదు పరుపులు. ఏ ఇంట్లోనైనా విలువైనది దాచేది అక్కడే. చూడని దొంగకైనా తెలుసు.

"జడగంటల్ని మీ కళ్ళతో ఆఖరిసారి ఎప్పుడు చూశారు? ఉన్నాయనుకోవడం కాదు. చూడడం."

అపా వేళ్ళు మడిచింది. "పరుపులు ఎండలో వేసిన రోజు. అంటే... పోయిన వారం గురువారం."

"సంతకు వెళ్ళింది ఈ మంగళవారం. మధ్యలో అయిదు రోజులున్నాయి తిలెక్. నువ్వు మంగళవారం ఆవిడ ఇంట్లో లేని ఆ రెండు గంటల నలభై నిమిషాలనే లెక్క కట్టావు."

తిలెక్ నవ్వు ఆగింది.

అప్పుడు కనబడింది ఆమెకు. వంటింటి కిటికీ గట్టున, ఊచల పక్కన, నీలి అంచు గిన్నె ఒకటి. దాన్నిండా చక్కెర బిళ్ళలు, ఎండు ద్రాక్ష, పైన శుభ్రమైన గుడ్డ. ఇంట్లో మిగిలిన గిన్నెలన్నీ తెల్లనివి.

"ఈ గిన్నె ఎవరిది అపా?"

"మూడో అంతస్తులో కొత్తగా దిగానంది ఒక పిల్ల, దానిది. తిరిగి ఇద్దామని నింపి పెట్టా, ఖాళీగా ఇవ్వకూడదు కదా. రెండుసార్లు పైకెళ్ళా. తలుపు తీయలేదు."

"ఎప్పుడు ఇచ్చింది?"

"శుక్రవారం. పోయిన శుక్రవారం. చనిపోయినవాళ్ళ కోసం నూనెలో రొట్టెలు వేయించి పంచుతోంది. ఏడు తెచ్చింది నాకు."

తిలెక్ గిన్నె మీది గుడ్డ ఎత్తి చూశాడు.

"ఎవరూ రాలేదన్నారు," అన్నాడు తిలెక్.

అపా అతని వంక నిజమైన ఆశ్చర్యంతో చూసింది. "దొంగలెవరైనా వచ్చారా అని కదా అడిగావు? ఆత్మకి రొట్టెలు తెచ్చిన పిల్లని పట్టుకుని ఎవరో వచ్చారని ఎలా చెప్తాను నాయనా? అది రావడమా! గడప మీద తీసుకోకూడదు, లోపల కూర్చోబెట్టా. టీ పెట్టా. ఆ గ్యాసు ఈమధ్య సన్నగా వస్తోంది, నీళ్ళు కాగడానికి పావుగంట పట్టింది. తర్వాత కళ్ళు మూసుకుని పోయినవాడి కోసం ఖురాను చదివా. బాగా ఏడ్చింది. ముప్పై కూడా ఉండవు."

పావుగంట ఒంటరిగా ఒక గదిలో, పెట్టె పక్కన. రెండు ఉక్కు రేకులు, మూడు మొనలు, ఎనిమిది చోట్ల గోడలోకి దిగిన చట్రం. అన్నింటినీ ఒక గిన్నెడు వేడి రొట్టెలు తెరిచాయి. బెర్మెత్ పెట్టె పక్కన కూర్చుండిపోయింది.

"ఎవరి పేరున చదివారు అపా? పేరు చెప్పే ఉంటుందిగా."

"చెప్పకుండా ఎలా చదువుతారు? నూర్‌సైత్ అంది. మమసాలీ కొడుకు నూర్‌సైత్. పడుచువాడట, పాపం."

తిలెక్ మొదట తేలిగ్గా తీసుకున్నాడు. "ఏదో నోటికొచ్చిన పేరు చెప్పి ఉంటుంది."

"ఏం మాటది!" అపా గొంతు పెరిగింది. "పోయినవాడి పేరు ఎవరైనా అబద్ధం చెప్తారా? చదివిన దువా, ఆ ప్రార్థన, ఎవరికి చేరాలి మరి?"

"చెప్పరు అపా," అంది బెర్మెత్ మెల్లగా. "దొంగతనానికి వచ్చింది, మీ పెట్టె తెరిచింది. ఆ ఒక్క అబద్ధం మాత్రం ఆడలేకపోయింది."

అప్పటికి తిలెక్‌కు తగిలింది. చేతిలోని ఫైలు అట్ట మీద తాను స్వయంగా రాసుకున్న పేరు చూశాడు. అతని ముఖం వికసించింది.

"మమసాలీ! ఉస్తా పేరు! ఇంకేం కావాలి ఎజే? ఉస్తా తలుపు బిగించాడు, వెండి సంగతి తెలుసుకున్నాడు, కొడుకు పెళ్ళాన్ని పంపాడు. ఏడ్చిన పిల్ల అదే. విడిపించడానికి వచ్చి మీరే ఉరి బిగించారు. నాలుగింటికి బండి. ఇద్దరి పేర్లూ రాసుకుంటాను."

ఆమె కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంది. బయటికి నడుస్తూ కానిస్టేబుల్ ఎమిల్‌ను ఉస్తా ఇంటికి పంపింది. టైము రెండు నలభై.

మూడు ముప్పైయైదుకు ఆమె తిరిగి ఉస్తా ఎదుట కూర్చుంది. ఇనుప బీరువాకు ఆనుకుని తిలెక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఉస్తా, నీ కొడుకు పేరేమిటి?"

"నూర్‌సైత్ అండి. లేడు. దూరదేశంలో కట్టడం పనిలో పైనుంచి పడ్డాడు. శవపెట్టె మూసి పంపారు. మూత తీయనివ్వలేదు."

"ఎన్నాళ్ళైంది?"

"వచ్చే నెలకి సంవత్సరీకం."

"పోయిన శుక్రవారం ఒక పిల్ల నూర్‌సైత్ పేరున రొట్టెలు పట్టుకుని ఊల్కాన్ అపా ఇంటికి వెళ్ళింది. పావుగంట పెట్టె పక్కన ఒంటరిగా కూర్చుంది."

ఉస్తా కదలలేదు. దగ్గు కూడా రాలేదు. ఒక మనిషి లోపల ఏదో కూలడం బెర్మెత్ చాలాసార్లు చూసింది, ఇంత నిశ్శబ్దంగా మాత్రం చూడలేదు. అతడు సంకెళ్ళ చేతులు బల్ల మీద పెట్టాడు.

"నేనే తీశానండి. రాసుకోండి."

"చూశారా," అన్నాడు తిలెక్.

"ఎప్పుడు తీశావు?" అడిగింది ఆమె.

"మంగళవారం. ఆవిడ సంతకెళ్ళినప్పుడు."

"ఎలా వెళ్ళావు?"

"నా చెవితో. తలుపు తీసి."

బెర్మెత్ తిలెక్ వైపు చూసింది. ఆ చెవి తిరగకపోవడం అతడు తన చేతులతోనే చూశాడు. వెండి పోయింది శుక్రవారం. ఈ మనిషికి ఏ రోజో తెలియదు, ఏ దారో తెలియదు. కాస్త క్రితం దాకా ఏమీ తెలియదు.  తిలెక్ కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"నీ ఇంట్లో వెండి మాట ఎవరన్నారు ఉస్తా?"

"నేనే." ఉస్తా తల దించుకున్నాడు. "రాత్రి తింటూ అన్నా. అయిదు తరాల జడగంటలంట, అందుకే అంత తలుపు చేయించుకుందంట అని. మా కోడలు మేరిమ్ టీ పోస్తోంది. సంవత్సరీకం విందుకి గుర్రం కొయ్యాలంటుందండి. మా వల్ల కాదమ్మా, గొర్రెతో సరిపెడదాం అన్నాను. మీ కొడుక్కి గొర్రెనా మామా, అంది. అప్పట్నించి నాతో మాట్లాడ్డం లేదు. మంచి పిల్లండి. రాసుకోండి, నేనే పంపానని రాసుకోండి. దానికి మూడేళ్ళ బిడ్డుంది. బండి ఎన్నింటికన్నారు?"

ఫోను మోగింది. ఎమిల్. మూడు నలభైయారు.

"ఎజే, ఇంట్లో అత్తగారూ బిడ్డా మాత్రమే ఉన్నారు. కోడలు రెండున్నరకి వెళ్ళిందట. పొద్దున్నించి రొట్టెలు వేయించిందట. ఎక్కడికని అడిగితే... మామ కొత్తగా తలుపు చేసిన ఇంటికి, వంతెన అవతలికి అంటోంది."

బెర్మెత్ ఆ మాటలను అలాగే ఉస్తాకు చెప్పింది. అతడు కుర్చీలోంచి ఒక్కసారిగా లేచాడు. సంకెళ్ళు బల్లకు తగిలి గిన్నెలోని టీ ఒలికింది.

"సెర్గెక్ ఇల్లండి అది!"

తిలెక్ తల తిప్పాడు. ఆ పేరును ఠాణాలో ఎవరూ గట్టిగా పలకరు. ఆ ఇంటికి వెళ్ళి తిరిగి రాని ఇద్దరు మనుషుల ఫైళ్ళు బెర్మెత్ సొరుగు అడుగున మూడేళ్ళుగా ఉన్నాయి.

"వద్దన్నానండి, చేయించుకున్నాడు." ఉస్తా మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "అందరూ బయటివాడు రాకుండా చేయమంటారు. వాడు లోపలివాడు పోకుండా చేయమన్నాడు. లోపలివైపు పిడి లేదు, బోల్టు లేదు. రెండు వైపులా తాళంచెవే. అడుగుపెడితే తలుపు దానంతట అదే మూసుకుపోతుంది. వాడి చెవి లేకుండా బయటికి రావడం ఉండదండి. ఈ రొట్టెలకి కళ్ళు మూసుకుని చదివే ఇల్లు కాదది. బండి వద్దు, జైలు వద్దు, ముందు దాన్ని బయటికి తీసుకురండి ఎజే! పట్టుకోండి, సంకెళ్ళు వేయండి, ఏమైనా చేయండి, ముందు బయటికి తీసుకురండి!"

"ఆదేశం లేకుండా ఆ ఇంటికి వెళ్తే మన ఉద్యోగాలు ఉండవు," అన్నాడు తిలెక్. ఆ గొంతులో వెటకారం లేదు.

"నాది నాలుగు నెలల్లో ఎలాగూ ఉండదు. కోడలి నంబరు చెప్పు ఉస్తా."

అతడు చెప్పాడు. ఆమె నొక్కి, అందరికీ వినిపించేలా ఫోనును బల్ల మీద పెట్టింది. నాలుగుసార్లు మోగింది. అయిదోసారి ఎవరో ఎత్తారు.

ఆడగొంతు కాదు. ఏదో నములుతూ, తీరికగా, మర్యాదగా ఒక మగగొంతు అంది:

"రొట్టెలు బావున్నాయి. ఎవరండీ మాట్లాడేది?"

బెర్మెత్ ఫోను వంక చూస్తూనే, ఆ తలుపు చేసిన ఉస్తా చేతులు విప్పమని తిలెక్‌కు సైగ చేసింది. అతడు జేబులోంచి తాళంచెవి తీసి సంకెళ్ళు విప్పాడు.

ఈ ప్రకరణము చదివిన వారికి, చదువగా విన్నవారికి, ఇంటి తలుపు దుర్జనులకు మూతపడి సజ్జనులకు తెరుచుకొనుగాక. బయటికి వెళ్ళిన ప్రతి బిడ్డా పొద్దు గూకకముందే సుఖముగా ఇల్లు చేరునుగాక. మంగళమస్తు.